పొగమంచులో తడిమిన గోడ

పరాయి దేశంలో వై2కె కంప్యూటర్ పనులు చేస్తున్న రోజుల్లో, ఒక శనివారం వుడ్‌ల్యాండ్స్ స్టేషన్ నుంచి రైల్లో ఇంటికొస్తున్నాను. ఒళ్లో మూసిన లైబ్రరీ పుస్తకం, పోర్చుగల్‌లోని సింత్రా అనే కొండ ఊరి మహళ్ల గురించి. అందులోంచి తొంగిచూస్తున్న నా తెలుగు రాత కాగితం చూసి, పక్కన కూర్చున్న షిప్‌యార్డు యూనిఫాం ఆయన పలకరించాడు.

"తెలుగోళ్లా అమ్మా? ఆ సింత్రా కొండకి నేనెళ్లాను."

నేను నమ్మలేదు. ముఖంలో తెలిసిపోయిందేమో, నవ్వాడు.

"అప్పుడు ఓడలో పని. లిస్బన్‌లో ఒక్కపూట సెలవిచ్చారు. మావోళ్లంతా బజారుకెళ్తే నేను కొండెక్కాను. పైనంతా పొగమంచు, మహలే కనబళ్లేదు. గోడ తడిమి దిగొచ్చేశాను. 'గోడ చూడ్డానికెళ్లాడ్రా' అని ఓడ దిగేదాకా ఏడిపించారు."

నేను ఆ మహలు ఫోటో ఉన్న పేజీ తెరిచి పుస్తకం ఆయన చేతికిచ్చాను. కొండ కొసన సగం పసుపు, సగం ఎరుపు.

"పసుపా!" అన్నాడు. "రాతి రంగనుకున్నాను ఇన్నాళ్లూ."

తర్వాత తోటల పేజీలు ఒక్కొక్కటే తిప్పసాగాడు. నేను దిగాల్సిన బుకిట్ బటోక్ స్టేషన్ వచ్చింది. పుస్తకం ఇమ్మని అడగడానికి నాకు మామూలుగానే మొహమాటం. ఆ రోజు అడగాలని కూడా అనిపించలేదు. తలుపులు మళ్లీ మూసుకున్నప్పుడు నేను సీట్లోనే ఉన్నాను, ఆయన ఇంకా కొలనున్న తోట పేజీ దగ్గరే ఉన్నాడు.