దేవుడి అరలో రోమన్ గిన్నె

నిన్న అక్క ఫోన్ చేసి, "ఇల్లు మారుతున్నామే, సర్దుతుంటే మీ బావ గిన్నె బయటపడింది, పారేయనా?" అంది. ఆ గిన్నె మాటెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాడూ దొరబాబైపోయిన రోజులవి. సింగపూర్‌లో బావకి వన్-నార్త్‌లో ఆఫీసు, జురాంగ్ వెస్ట్‌లో ఫ్లాటు, రెండింట్లోనూ పట్టనంత గొప్ప. కంపెనీ పని మీద ఇటలీ వెళ్ళి ఎర్రమట్టి గిన్నె పట్టుకొచ్చాడు. నిగనిగలాడే ఎరుపు, చుట్టూ ఉబ్బెత్తు బొమ్మలు: రథం, వేటకుక్కలు, మధ్యలో సింహంతో కుస్తీ పడుతున్న దిసమొల వీరుడు. వాడి పేరు బావ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నేను పనిగట్టుకుని మరిచిపోయాను. "రోమన్లది, రెండు వేల ఏళ్ళ నాటిది, ముట్టుకోకండి," అనేవాడు, తనే కాల్చినట్టు. హాల్లో దేవుడి అర ఖాళీ చేయించి, లైటు పెట్టించి, దాన్ని కూర్చోబెట్టాడు. దేవుళ్ళు వంటింట్లో బియ్యం డబ్బా పక్కకి చేరారు. నెలలు నిండిన అక్క ఏం గొడవ పడుతుంది?

పురిటికి రావలసిన అమ్మ టికెట్ దొరక్క బారసాల ముందురోజు దిగింది. మనవరాలు బోర్లాపడేదాకా ఉంటానని ఒకటే సంబరం. తెల్లారి తలంటు పోసుకొచ్చి చూస్తే హాల్లో అర, అరలో లైటు, లైటు కింద సింహం. నరసింహస్వామే అనుకుంది. పసుపు రాసి, కుంకుమ అద్ది, మల్లెచెండు చుట్టింది. "ఏసీలో గుడ్డ లేకుండా ఉన్నాడే పాపం, స్వామి," అంది, పురిటి సాయానికి ముందే వచ్చిన నాతో. కుట్లు నొప్పెడుతున్నా అక్క కూడా నవ్వింది.

అంతలో బావ తన బాసుని తీసుకొచ్చాడు, పసిదాన్ని చూపించడానికి కాదు, గిన్నె చూపించడానికి. చూసి శివమెత్తాడు. "మీకు కనపడిందల్లా దేవుడేనా అత్తయ్యగారూ? పల్లెటూరి బుద్ధి పోనిచ్చుకున్నారు కాదు!" అని అందరి ముందూ అరిచాడు. అమ్మ కుంకుమ భరిణె మూత పెట్టేసింది. బావ సింకు దగ్గర బ్రష్షుతో తోముతుంటే రెండు వేల ఏళ్ళ ఎరుపు రంగునీళ్ళై కారి, కింద తెల్లమట్టి తేలింది. "సావనీర్ ఓన్లీ లా, డోంట్ వర్రీ," అన్నాడు బాసు సింగపూర్ యాసలో, గారె నములుతూ.

అప్పుడైనా అత్తగారికి తప్పయిందని ఒక్క మాట చెప్పాడా? నామోషీ! అమ్మ ఆ వారమే టికెట్ మార్చుకుని వెళ్ళిపోయింది. పిల్ల బోర్లాపడిందన్న కబురు ఫోన్లో విన్నది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు తానే లేదు.

"పారేయవే, పీడా పోతుంది," అన్నాను అక్కతో.

"నో లా పిన్నీ, నాకు కావాలి!" వెనకనుంచి ఆ పసిదే అరిచింది, ఇప్పుడు కాలేజీ పిల్ల. "సింహం జూలులో అమ్మమ్మ కుంకుమ ఇంకా ఉంది!"

రెండు వేల ఏళ్ళన్నది బావ కోతలు. ఈ ఇరవై ఏళ్ళు మాత్రం అసలువి.