దేవదానం సార్ కుండలో కొరమీనులు

నిన్న పొద్దున మా ఊరి గ్రూప్‌లో మెసేజ్. "దేవదానం సార్ ఇక లేరు."

నమ్మలేదు. ఫార్వర్డ్‌లు నేను నమ్మను.

వాళ్ళ అమ్మాయికి ఫోన్ చేశా. ఆమె ఏడుస్తూ చెప్పినా "సరిగ్గా చూశారా అమ్మా?" అని అడిగా. ఛీ, ఏం మనిషినో.

అసలు ఆయనతో నా పరిచయమే అనుమానంతో మొదలైంది.

అరవైల మొదట్లో. నాకు ఇరవై ఏళ్ళు. కొడవలూరు పక్కన మా చెరువులో కొరమీను కరువైపోయింది. తప్పు మాదే.

కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుగా నీటిపైకొస్తాయి. కిందే తల్లి కాపలా ఉంటుంది. గాలానికి కప్పను గుచ్చి సరిగ్గా అక్కడే వేసేవాళ్ళం. పిల్లల కోసం ఎగిరి కరిచేది. అదే మా తెలివి.

ఫిషరీస్ నుంచి ఈయన సైకిల్ మీద దిగారు. రెండు వానాకాలాలు ఎవరూ గాలం వెయ్యొద్దు, తర్వాత చెరువు అందరిదీ అన్నారు.

అందరిదీనా? గవర్నమెంటోడు ఊరికే ఇస్తాడా? చేప పెరిగాక కాంట్రాక్టర్‌కి అప్పజెప్తాడు, మాకు ముల్లు కూడా మిగలదు అనుకున్నా. ఆయన ఎటు పోతే అటు వెనకే పోయేవాణ్ణి.

ఒక మిట్టమధ్యాహ్నం తూము దగ్గర సైకిల్ ఆపుకుని ఉన్నారు. వెనక పెద్ద కుండ, పైన తడి గోనె.

దొరికాడ్రా!

సైకిల్ పట్టుకుని ఊరంతా కేకేశా. "చేపలు ఎత్తకపోతా ఉండాడు, రండిరా!"

గోనె తీస్తే రెండు కొరమీనులు. అందరూ నా భుజం తట్టారు.

సార్ కోప్పడలేదు. "అబ్బయా, నన్ను తర్వాత తిట్టు. ముందు వాటి మీద ఆ గోనె కప్పి నీళ్ళు చల్లు" అన్నారు.

అప్పుడు మా నాయన అడిగాడు. "ఒరే, సైకిల్ ముందు చక్రం ఎటుందో చూసినావా?"

చెరువు వైపుంది.

తోటపల్లి గూడూరు కాలువల్లో పట్టించి, మా చెరువులో వదలడానికి ఎండలో తొక్కుకుంటూ తెస్తున్నారు. నాకు తల తీసేసినట్టయింది.

రెండు వానాకాలాలు పోయాయి. నీటి మీద మళ్ళీ ఎర్రటి గుంపులు. అన్న మాట ప్రకారం గాలాలకు చెరువు తెరిచారు. పిల్లలున్న చోట మాత్రం వెయ్యకూడదు.

"దానికి కాపలా ఎవురు సారూ?" అన్నారు ఊళ్ళోవాళ్ళు.

నన్ను చూపించారు. "ఈ అబ్బయ్య ఉండాడు గదా. సొంత నాయన్ని కూడా నమ్మడు."

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ కాపలా అరవై ఏళ్ళుగా కాస్తూనే ఉన్నా సార్. తప్పయిందని ఒక్కసారి కూడా మీతో అనలేదు. ఎక్కడికి పోతార్లే, ఈసారి కలిసినప్పుడు చెబుదాం అనుకున్నా.

జీవితంలో అనుమానం లేకుండా నమ్మింది ఆ 'ఈసారి' ఒక్కటే.

హాయిగా నిద్రపోండి సార్. మీ ఆత్మకు శాంతి కలగాలి. పిల్లలున్న చోటికి గాలం రానివ్వను.