బల్ల మీద అత్తగారు

డ్రైవింగ్ స్కూల్లో ఆవిడని అందరూ బ్రేకు మేడం అనేవారు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు ఆన్చి ఉంచడమే ఆవిడ ఉద్యోగం. కారు కాస్త ఊపందుకుంటే చాలు, కాలు దానంతటదే తొక్కేసేది. పగలంతా అలా బిగబట్టుకుని కూర్చున్న మనిషికి సాయంత్రమయ్యేసరికి ఎటైనా దూసుకుపోవాలనిపించేది. అందుకని కంప్యూటర్లో కారు పందేలు ఆడే స్టీరింగు, పెడళ్లు కొనుక్కుని, స్టీరింగుని భోజనాల బల్లకు బిగించుకుంది.

మొదటి మలుపులోనే చిక్కొచ్చిపడింది. స్టీరింగు లోపలి మోటారు అసలు కారులాగే చేతుల్ని ఎదురు గుంజుతుంది. ఆవిడ ఊరుకునే రకం కాదు, అంతకంటే గట్టిగా తిప్పింది. స్టీరింగుతో పాటు బల్లా తిరిగింది. మంచినీళ్ల జగ్గు వెళ్లి అత్తగారి ఒళ్లో పడింది.

"పందెం నీకు, స్నానం నాకూనా అమ్మాయ్?" అంది పెద్దావిడ బట్టలు పిండుకుంటూ.

బల్ల జరక్కుండా భర్త దాని కాళ్లకీ గోడకీ మధ్య చెక్క వేసి మరలు బిగించాడు. నాలుగు పందేలకే మరల కంతలు వదులైపోయాయి. చివరికి అత్తగారే విసుగెత్తి, వారపత్రిక పట్టుకుని బల్లెక్కి కూర్చుంది.

"నేనున్నాగా, తిప్పుకో."

నిజంగానే బల్ల కదల్లేదు. అప్పట్నుంచి కోడలు కారెక్కితే అత్తగారు బల్లెక్కేది. గొడుగు అడగడానికొచ్చిన పక్కింటావిడ ఆ దృశ్యం చూసి, వచ్చిన పని మర్చిపోయి వెళ్లిపోయింది.

ఒకరోజు మంచి ఊపులో ఉండగా ఫోను మోగి అత్తగారు దిగింది. బల్ల మళ్లీ జరిగింది. కోడలు చేతులు వదిలేసి ఆలోచనలో పడింది.

"అత్తయ్యా, మీ బరువుకి ఆగిన బల్ల నా బరువుకి ఎందుకాగదు?"

"నువ్వు కుర్చీలో ఉన్నావు కదే."

"అదే మరి. కుర్చీకీ బల్లకీ చుట్టరికమే లేదు. రెంటినీ కలిపేస్తే నా బరువే దాన్ని పట్టుకుంటుంది."

స్కూలు షెడ్డులో మూలపడ్డ పాత కారు సీటు అడిగి తెచ్చుకుంది. వెల్డింగ్ షాపులో రెండు పొడుగాటి ఇనప గొట్టాల మీద వెనకవైపు ఆ సీటు, ముందువైపు రెండు కాళ్లు, వాటికి ఏటవాలుగా ఊతకమ్మీలు, పైన మందపాటి రేకు పెట్టించింది. రేకుకి కన్నాలు పొడిచి, స్టీరింగుని బోల్టులతో, వెడల్పాటి వాషర్లతో, కింద నుంచి నట్టులు వేసి బిగించింది.

"ఇదంతా దేనికమ్మా?" అన్నాడు వెల్డరు.

"మా అత్తగారికి సెలవివ్వడానికి."

ఆదివారం పొద్దున ఎంత గుంజినా స్టీరింగు వెంట్రుకవాసి కదల్లేదు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. వరసగా రెండు పందేలు ఆడి తల తిప్పి చూస్తే, అత్తగారు వారపత్రిక చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

"ఇంక నాతో పనేముందిలే."

"పనుంది. రండి, కూర్చోండి," అని చెయ్యి పట్టుకుని సీట్లో కూర్చోబెట్టింది కోడలు.

పెద్దావిడ పెడలు మీద కాలేసి ఒక్క తొక్కు తొక్కింది.

"అత్తయ్యా, అటు కాదు. అందరూ ఎదురొస్తున్నారు."

"చూస్తున్నారుగా, వాళ్లే తప్పుకుంటార్లే."

ఆ పందెంలో ఆవిడ అందరికంటే ఆఖరు. దిగమంటే మాత్రం దిగలేదు.