రోజుకో రాజీనామా

ఆ ఇంట్లో పదహారేళ్ళ పిల్లకి ఒకటే పిచ్చి. ఏది వండినా, వండిన వెంటనే రాజీనామా చేసేది. మనలాగా "ఇక నా వల్ల కాదు బాబోయ్" అని నోటిమాటగా కాదు. తెల్లకాగితానికి మార్జిన్ గీసి, "విషయం: వంట నుండి శాశ్వతంగా తప్పుకొనుట గురించి" అని రాసి, కింద సంతకం పెట్టి మరీ చేసేది. శాశ్వతంగా అంటే మర్నాటి దాకా అన్నమాట. పొద్దుటి బడి ముగించుకుని పన్నెండింటికి ఇల్లు చేరేది, పన్నెండున్నరకి స్టవ్ వెలిగించేది, ఒంటిగంటన్నరకి మళ్ళీ రాజీనామా.

ఈ కాగితాలన్నీ తాతయ్యకే చేరేవి. తాతయ్య అంటే ఆ పిల్ల తల్లికి తండ్రి. నీటి సరఫరా ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు, వచ్చిన కాగితాలు అందుకుని నంబరు వేసే ఇన్‌వర్డ్ గుమాస్తాగా చేసి, ఒక్క కాగితం కూడా పెండింగు పెట్టకుండా రిటైరైన మనిషి. పెళ్ళి శుభలేఖ వచ్చినా "అందినది" అని జవాబు రాసేవాడు. జవాబు రాయని కాగితం జేబులో ఉంటే ఆయనకి కూర్చుంటే తోచదు, నిలుచుంటే తోచదు. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

ఇంతకీ ఈ వ్యవహారం ఎలా మొదలైందంటే, అమ్మమ్మ పోయింది. ఆవిడతోపాటు వంటగదీ మూతపడింది. పిల్ల తల్లికి సూది తప్ప గరిటె రాదు, ముందుగదిలో కుట్టుమిషనే ఆవిడ లోకం. తండ్రి లారీ తోలుతూ వారానికోసారి ఇంటి మొహం చూసేవాడు. తాతయ్య ఏడవలేదు, ఎవరినీ విసిగించలేదు. ఏం పెట్టినా "ఆకలి లేదమ్మా" అనేవాడు, అంతే. బిస్కెట్లు రెండు, టీ ఒకటి. బతిమాలారు, కోప్పడ్డారు, ఒట్లు వేయించుకున్నారు. ఊహూఁ.

వీధి మలుపులో మందుల షాపులో బరువు చూసే మిషను ఉంది. ప్రతి శనివారం తాతయ్యని దాని మీద నిలబెట్టేవారు. ఆ శనివారం ముల్లు నలభై ఆరు దగ్గర ఆగింది.

"పెద్దాయనా, మీరు ఎక్కారా, మీ చొక్కా ఒక్కటే ఎక్కిందా?" అన్నాడు షాపాయన. తర్వాత తల్లిని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "డాక్టరుగారు చెప్పారమ్మా. ఇంకో రెండు కిలోలు తగ్గితే ఆస్పత్రిలో పడుకోబెట్టి గొట్టంతో పోయాల్సిందేనట."

పక్కనే నిలబడ్డ పిల్ల ఆ మాట విన్నది. ఇంటికొచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి స్టవ్ ముట్టించి ఆమ్లెట్ వేసింది. నేర్పేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు. ఆమ్లెట్ ఒకవైపు బొగ్గు, రెండోవైపు పచ్చిసొన. అయినా ఆశ చావక తాతయ్య ముందు పెట్టింది.

"ఆకలి లేదమ్మా."

పిల్లకి ముక్కు మీద ఉంటుంది కోపం. విసవిసా లోపలికెళ్ళి, నోటుబుక్కులోంచి ఒక పేజీ చించి, నాలుగు ముక్కలు గీకి తెచ్చి తాతయ్య ఒళ్ళో పడేసింది. "నాకు వంట రాదు. రాబోదు. నేను మానేస్తున్నాను."

తాతయ్య కళ్ళజోడు వెతుక్కున్నాడు. "తేదీ ఏదీ?"

"ఏ తేదీ?"

"తేదీ లేని కాగితం చెల్లదమ్మాయ్. విషయం లేదు, కారణం లేదు. ఎవరికి రాశావో అదీ లేదు. ఇలాంటిది నా బల్ల మీదకి వస్తే..." అంటూ జేబులోంచి పెన్ను తీసి, ఎర్రగీతలు గీశాడు, చివర్న "విచారణ జరపకుండా రాజీనామా ఆమోదించరాదు" అని రాశాడు. రాశాక తన మాటకి తనే దొరికిపోయాడు. విచారణ జరపాలంటే ఆమ్లెట్ తినాలి మరి!

"ఏదీ, సాక్ష్యం ఇలా తీసుకురా."

ఒక ముక్క తిన్నాడు. "మాడింది అని ఆరోపణ. ఒక ముక్కతో నిర్ధారణ కాదు." ఇంకో ముక్క తిన్నాడు. "ఉప్పు లేదన్న సంగతి నీ కాగితంలో లేదే? అది కూడా చేర్చాలి." మొత్తం సగం ఆమ్లెట్ విచారణకే ఖర్చయింది. ముందుగదిలో కుట్టుమిషను టకటక ఆగిపోయింది. తల్లి గుమ్మం దగ్గర నోట్లో దారం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆనాటి నుంచి రోజూ అదే తంతు. బ్రెడ్డు పొంగలేదని రాజీనామా. వంకాయ వేపుడు గిన్నెకి అతుక్కుపోయిందని రాజీనామా. ఉప్పుకీ తనకీ పడటం లేదని, ఇద్దరిలో ఒకరే ఆ వంటగదిలో ఉండాలని రాజీనామా. తాతయ్య ప్రతిదానికీ నంబరు వేసేవాడు, వేడి చల్లారకముందే విచారణ జరిపేవాడు, "తిరస్కరించడమైనది" అని రాసి గూట్లో ఫైలు కట్టేవాడు. పిల్ల నిమిషం కుదురుగా ఉండేది కాదు. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను, ఒక కాలు వంటింట్లో, ఒక కాలు వరండాలో. సూప్ ఉడుకుతూ ఉండగానే కేకుకి గుడ్లు కొట్టేది. మాడితే ఏడ్చేది, ఏడుస్తూనే కలిపేది. ఆరునెలలు తిరిగేసరికి చెయ్యి తిరిగింది. ఒకరోజు గుమ్మడికాయ సూప్ చేస్తే తాతయ్య గిన్నె ఎత్తి మరీ తాగాడు. అయినా కాగితం వచ్చింది.

"ఇదేంటే? సూప్ అమృతంలా ఉంటే రాజీనామా ఏంటి?"

"అందుకే తాతయ్యా. ఇంత బాగా మళ్ళీ కుదరదు. పరువు ఉండగానే వెళ్ళిపోతా."

"కారణం సహేతుకంగా లేదు. తిరస్కరించడమైనది. ఇంకొంచెం పొయ్యి."

అంతా సాఫీగా సాగిపోయేదే. ఇంతలో పేటలోని హాలులో పిల్లలకి వంటల పోటీ పెట్టారు. మూడంతస్తుల క్రీము కేకు చేస్తానని పిల్ల పంతం పట్టింది. నాలుగుసార్లు చేసి, నాలుగు రాజీనామాలిచ్చి, అయిదోసారి నిలబెట్టింది. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తాతయ్య ఊపిరి కూడా మెల్లగా తీశాడు.

హాలు బయట బల్ల దగ్గర ఒకబ్బాయి పేరు రాసుకుని, డబ్బా అక్కడ పెట్టమన్నాడు. తాతయ్య పెట్టలేదు.

"రసీదు?"

"రసీదేంటి సార్?"

"వస్తువు తీసుకున్నట్టు కాగితం ఇవ్వకుండా ఎలా తీసుకుంటావయ్యా? రేపు మాకు అందలేదంటే?"

"కేకు సార్ అది!"

"కేకైతే? దానికి మాత్రం లెక్క ఉండదా?"

పిల్ల ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "తాతయ్యా, వదిలెయ్, ఎండ!" ఆయన వింటేనా! రసీదు పుస్తకం లేదంటే తెల్లకాగితం మీద రాయించాడు. తేదీ లేదని మళ్ళీ రాయించాడు. స్టాంపు కోసం లోపలికి మనిషిని పంపించాడు. ముప్పావుగంట తర్వాత స్టాంపు పడ్డ రసీదు విజయగర్వంతో జేబులో పెట్టుకున్నాడు. లోపల డబ్బా మూత తీస్తే మూడంతస్తులూ కలిసి ఒకే గుట్టగా కూర్చున్నాయి.

పెద్ద టోపీ పెట్టుకున్న హోటలు వంటాయన న్యాయనిర్ణేత. చెంచాతో గుట్టని అటూ ఇటూ కదిపి, "ఎవరమ్మా నేర్పింది?" అని అడిగాడు.

"ఎవరూ నేర్పలేదండీ. నేనే నేర్చుకున్నా."

"తెలుస్తోంది," అని పక్క బల్లకి వెళ్ళిపోయాడు.

ఎండ సంగతి గానీ, రసీదు సంగతి గానీ పిల్ల చెప్పలేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోమి బోర్లించి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు రాజీనామా రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నిజంగా మానేసేవాళ్ళు కాగితాలు రాయరని తాతయ్యకి అప్పుడు తెలిసొచ్చింది. బేకరీ నుంచి బన్నులు వచ్చాయి. అలవాటు చొప్పున "ఆకలి లేదమ్మా" అందామని నోరు తెరిచాడు. తీరా చూస్తే కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి! బన్ను కొరికితే గడ్డి నమిలినట్టుంది. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాడు.

"కాగితమేమైనా వచ్చిందా?" అని కూతుర్ని అడిగాడు.

"లేదు నాన్నా."

"ఏమీ రాలేదా?"

"కరెంటు బిల్లు వచ్చింది, కావాలా?" అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ.

మూడోరోజు పొద్దున పిల్ల ఇంకా బడిలో ఉండగా, ఏదన్నా దొరుకుతుందేమోనని వంటింట్లో దూరాడు. ఒక్కో డబ్బా మూత తీసి చూశాడు. పిండి డబ్బా వెనకాల ఒక కాగితాల కట్ట దొరికింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు. అన్నీ రాజీనామాలే! మార్జిన్లు గీసి, సంతకాలు పెట్టి, కారణాలతో సహా సిద్ధంగా ఉన్నాయి. "బంగాళాదుంప సూప్ చిక్కబడనందున" అన్న దాని మీద వచ్చే గురువారం తేదీ ఉంది. వచ్చే గురువారం సూప్ చిక్కబడదని ఈ గురువారమే ఎలా తెలిసిందీ పిల్లకి?

కాగితం తిప్పాడు. వెనక పెన్సిలుతో చిన్న అక్షరాలు ఉన్నాయి. "తేదీ తప్పకుండా వేయాలి. వేయకపోతే తాతయ్య దాని గురించే అరగంట మాట్లాడతాడు, సూప్ చల్లారిపోతుంది." ఇంకోదాని వెనక: "రెండు తప్పులు ఉంటే రెండో గరిటె కూడా తింటాడు." అడుగు కాగితం వెనక శనివారాల పట్టిక ఉంది. నలభై ఆరు. నలభై ఆరున్నర. నలభై ఎనిమిది. చివర్న యాభై రెండు, దాని చుట్టూ మూడుసార్లు సున్నా చుట్టింది.

తాతయ్య స్టూలు మీద కూర్చుండిపోయాడు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో తనని ఇంత చక్కగా బురిడీ కొట్టించిన పార్టీ లేదు. కోపం తెచ్చుకుందామని చూశాడు, నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళజోడు మసకబారింది. కట్టని ఎక్కడిదక్కడ పెట్టేసి, తన గూట్లోంచి మంచి కాగితం తీశాడు.

పిల్ల బడి నుంచి వచ్చి, వంటింట్లో మంచినీళ్ళు తాగి, గదిలోకెళ్ళి తలుపేసుకోగానే, తలుపు కిందనుంచి ఒక కాగితం లోపలికి జారింది.

"విషయం: ఆకలి. అయ్యా, దరఖాస్తుదారుకు మూడు రోజులుగా విపరీతంగా ఆకలి వేస్తున్నది. కేకు కూలుటకు కారణం వంటమనిషి కాదు, దరఖాస్తుదారుని రసీదు పిచ్చి అని విచారణలో తేలినది. టోపీ ఆయనకు ఈ సంగతి తెలియదు. కావున దయతో ఏదో ఒకటి వండవలెను. మాడినా పరవాలేదు."

తాతయ్య వరండా ఏడుసార్లు కొలిచాడు. ఎనిమిదోసారి తలుపు తెరుచుకుంది. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ఎర్రపెన్ను ఉంది.

"తేదీ ఏదీ?"

తాతయ్య కాగితం లాక్కుని చూశాడు. నిజంగానే లేదు. జన్మలో మొదటిసారి తేదీ వేయడం మరిచిపోయాడు.

"ఆకలి మీద రాశానే," అన్నాడు చిన్నపిల్లాడిలా.

"పిండి డబ్బా జరిగింది. నువ్వు చూశావు కదూ?"

"దాని మీద విచారణ జరుగుతోంది."

"మొదటిది మాత్రం నిజమే తాతయ్యా. ఆ రోజు నిజంగానే మానేద్దామనుకున్నా. నువ్వు తిన్నావుగా, అందుకే మర్నాడు కూడా వండా."

తాతయ్య వంటింటివైపు చెయ్యి చూపించాడు. పిల్ల స్టవ్ వెలిగించింది. గుడ్లు కొట్టింది. కబుర్లలో పడి ఆమ్లెట్ ఒకవైపు మాడ్చేసింది. పళ్ళెంలో చూసుకుని మొహం మాడ్చుకుని, కాగితం కోసం పిండి డబ్బా వెనక్కి చెయ్యి పెట్టింది.

"అది తర్వాత రాద్దువుగాని," అన్నాడు తాతయ్య నోటినిండా నములుతూ. "ముందు ఇంకోటి వెయ్యి."