సముద్రం చూసొచ్చిన అక్క

కోరుట్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను తంగళ్ళపల్లిలో సాంచెల మీద బట్ట నేసే ఒక కార్మికుని ఇంట్లో ప్రార్థన చేస్తున్నాను. మా పెద్దమ్మ బిడ్డ, నాకు అక్క, పొద్దున చాయ తాగి గోడకు ఒరిగి కూర్చుని అట్లనే పోయిందట. నా నోట్లో ప్రార్థన సగంలోనే ఆగిపోయింది. సహోదరులారా, నెల దాటింది. ఈ మాట మీతో చెప్పుకోకుండా నేనింక ఏ వాక్యమూ చెప్పలేను.

అక్క ముప్పై అయిదేండ్లు బీడీలు చేసింది. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, కింద అదే చాప. బావ పోయిన మరుసటేడు చాట అటక మీద పెట్టేసింది. బడిపిల్లలు వేసుకునే వీపుసంచి ఒకటి కొని, రెండు చీరలు, ఒక దుప్పటి, కారప్పొడి డబ్బా అందులో కుక్కి, వరంగల్లో విశాఖ రైలెక్కింది. అక్కడి నుంచి భీమిలి దాకా ఒడ్డు వెంటే. బస్సు దొరికితే బస్సు, లేకుంటే నడక. రాత్రికి, ఊళ్లు చూడవచ్చినవాళ్లు మంచానికింతని కట్టి పడుకునే ఏదో ఒక హాస్టల్. ఆ తర్వాత ఏటా చలికాలం అదే దారి.

వాడకట్టు ఆడవాళ్లు పగలబడి నవ్విండ్రు.

"గీ వయసుల హాస్టలేందే? ఏ క్లాసుల చేర్చుకున్నరు నిన్ను?"

"ఒకటో క్లాసే! మంచం మీద మంచముంటది. మీది మంచంల ఒక బెంగళూరు పిల్ల. పొద్దుగాల దిగుకుంట నా తల తొక్కి, సారీ ఆంటీ అంటది. నేను దానికి కారప్పొడి తినవెట్టి పగ తీర్చుకున్న."

అక్కడ ఎవరికి జ్వరమొచ్చినా మిరియాల చారు కాచేదట. "కూసోని కూసోని మోకాళ్లు మొద్దువారినయ్ తమ్మీ, ఇసుకల నడిస్తే పానం లేచొస్తది" అనేది.

నాకు ఒళ్లు మండింది. ఒక ఆదివారం ఆమె మా రేకుల మందిరానికి వచ్చి ఆడవాళ్ల వరుసలో కూర్చుంది. నేను మైకు పట్టుకుని, ఇల్లు విడిచి తిరిగే విధవరాలు దీపం లేని కొంపని అరిచాను. పేరు చెప్పలేదు. చెప్పే పనేముంది? తలలన్నీ అటే తిరిగినయి. పిల్లలకు పంచుదామని కొంగున కట్టుకొచ్చిన గవ్వలను అక్క ముడి విప్పకుండానే తీసుకుపోయింది.

గడప దగ్గర మాత్రం ఆగింది.

"తమ్మీ, సముద్రం మీద గన్ని ప్రసంగాలు జేస్తవ్. ఎన్నడన్న చూసినవా?"

"లేదు."

"ఈ చలికాలం నాతోని రారాదు? కింది మంచం నీకే ఇప్పిస్త."

"దేవుని పని ఇడిసిపెట్టి తిరుగుళ్లకు రాను."

"దేవుడు గక్కడ లేడా?" అని నవ్వి బస్టాండు వైపు నడిచింది.

తల దాచుకునే చోటు లేక తిరిగిన ప్రభువు గురించి నేను వందసార్లు చదివాను. తెల్లారగట్ల సముద్రపు ఒడ్డున నిప్పులు రాజేసి, అలసిన శిష్యులకు చేపలు కాల్చిపెట్టిన ఆయన గురించి చదివాను. నోటితో చదివాను, అంతే. తప్పు నాదని ఎరుకైనా, కోరుట్ల పోయి చెప్పడానికి కాళ్లు రాలేదు. ఈసారి, వచ్చేసారి అనుకుంటుండగానే ఫోన్ వచ్చింది. మట్టి వేసేటప్పుడు చెబుదామంటే చుట్టూ జనం. పాస్టరు తమ్మునిగా గౌరవంగా నిలబడ్డాను. అదీ నా బతుకు.

మొన్న నేనూ ఆ రైలెక్కాను. భీమిలి దగ్గరి హాస్టల్లో వంటచేసే ఆమెకు, మా అక్క అని ఫొటో చూపించాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి ఫొటో అందుకుంది.

"అయ్యో, మా కారప్పొడి అమ్మగారండీ! మీరేనా తమ్ముడుగారు? మా తమ్ముడు వాక్యం చెబితే రాయి కరుగుద్దని ఎంత గొప్పగా చెప్పేవారో!"

"ఇంకేమన్న చెప్పిందా, నా గురించి?"

"ఈసారి మిమ్మల్ని తీసుకొస్తానన్నారండీ."

అక్క పోయిన సంగతీ, నేను అక్కకు చేసిందీ ఆమెకు చెప్పేశాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, పళ్లెంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

తెల్లారి ఒడ్డుకు పోయి, నీళ్లలో మోకాళ్లూని, "అక్కా, నన్ను క్షమించు" అని గొంతు చించుకుని అరిచాను. అలల మోతలో ఆ మాట నా చెవులకే వినిపించలేదు. మోకాళ్ల కింది ఇసుక కొంచెం కొంచెంగా జారిపోతూనే ఉంది.