చల్లబడ్డ ఫోన్ పెట్టె

అమెరికాలో టెలిఫోన్ ఎవరు కనిపెడితేనేం, దానికి ప్రాణం పోసింది మాత్రం ఆదిశేషు తాతయ్యే! అక్కడ పార్సిప్పనీ అనే ఊళ్ళో ఆయన పనిచేసిన ఆఫీసులో, ఫోన్లన్నిటినీ కలిపి నడిపే బీరువా అంత పాత ఫోన్ పెట్టె ఆయన బాధ్యతే. రోజూ పొద్దున్నే టైని చొక్కా జేబులో దోపుకుని, పసిపిల్లకి జ్వరం చూసినట్టు దాని ఒంటికి అరచెయ్యి ఆనించేవాడు. గోరువెచ్చగా తగిలితేనే కాఫీకి కదిలేవాడు. 1986లో ఒక పొద్దున అది చల్లగా తగిలింది. లోపలి పవర్ సప్లై చచ్చిపోయి ఆఫీసు ఫోన్లన్నీ మూగబోయాయి. అవతల ఆస్పత్రిలో కూతురు పద్మిని నొప్పులు పడుతోంది. కబురు రావలసింది ఆ ఆఫీసు ఫోన్‌కే. తాతయ్య ఫ్యూజు మార్చాడు, టప్పున పోయింది. ఇంకోటి పెట్టాడు, అదీ పోయింది. మీటరు ముల్లు సున్నా మీదే పడుకుంది. ఆ పెట్టెకి విడిభాగాలు చెయ్యడం ఏనాడో మానేశారు.

"కింద పేఫోన్ ఉంది కదండీ, వెళ్ళి ఆస్పత్రికి కాల్ చెయ్యండి" అన్నాడు పక్క సీటు వాసుదేవరావు.

"ఒక్క నిమిషం" అంటూనే తాతయ్య సాయంత్రం దాకా పెట్టె ముందు చతికిలబడ్డాడు.

ఆ పూట పుట్టిన మనవరాలు ఇప్పటికీ దెప్పుతుంది: "నాకన్నా ఆ డబ్బానే ముద్దా, తాతయ్యా?"

"నువ్వు ఎలాగూ పుట్టావు. అది మళ్ళీ లేవలేదే!"