మిట్ట ఎక్కని బ్యాటరీ

బ్యాటరీని ఒక్కసారైనా నడుం వంచి ఎత్తనివాళ్లే దాన్ని ఆకాశంలోకి ఎగరేస్తామంటారు. విజయనగరంలో ఇరవై ఏళ్లుగా నాకు బ్యాటరీల కొట్టు ఉంది. వాటి మీద నాకు భ్రమలేమీ లేవు. బరువెక్కువ, పని తక్కువ. మా వీధి పెద్దమనుషుల్లో కొందరు కూడా అంతే.

మా అక్క చేపలమ్ముతుంది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి పొద్దున్నే గంపలతో విజయనగరం మార్కెట్టుకు చేరాలి. ఆలస్యమైతే ఐసు కరుగుతుంది, కొనేవాళ్లు వెళ్లిపోతారు. అందుకని బావ కరెంటు ఆటో కొన్నాడు. చార్జి అయిపోయి అది ఊళ్లోకి రాకముందే ఆవలించేది.

"ఇంకో సెట్టు బ్యాటరీలు ఎట్టెయ్ బామ్మర్దీ, రెండింతల దూరం ఎల్తాది," అన్నాడు నాతో.

వెళ్లదని నాకు తెలుసు. తెలిసీ, "మా బావమరిది సేతిలో పనితనం ఉన్నాది" అని నలుగురిలో పొగిడాడు కదా అని, వెనక సీటు కింద ఇంకో నాలుగు బ్యాటరీలు బిగించాను. ఒక్కోటీ అక్క చేపల గంపంత బరువు. ఇంతకంటే తెలివితక్కువ పని నేను చెయ్యలేదు.

మొదటి రోజు నా ఘనకార్యం చూసుకుందామని నేనూ ఎక్కాను. అక్క వెనక గంపలతో కూర్చుంది, నేను ముందు బావ పక్కన కూర్చుని చార్జి మీటరు చూస్తున్నాను. చదును రోడ్డు మీద బాగానే పోయింది. మిట్ట దగ్గర మూలగడం మొదలుపెట్టింది.

"ఒసే, ఓపాలి దిగు. ఓ గంప నెత్తినెట్టుకో. మిట్టెక్కినాక ఎక్కుదువు గాని," అన్నాడు బావ.

అక్క దిగింది, గంప నెత్తికెత్తుకుంది. నేను దిగలేదు. మీటరు ఎవరు చూస్తారు మరి! ఆ వెనకే ఇంకో మిట్ట. ఆపితే ఊపు పోతుందని బావ ఆపలేదు, ఆపమని నేనూ అనలేదు. పక్క ఊళ్లో చెట్టు కింద ఆగి అక్క కోసం చూస్తూ కూర్చున్నాం. బ్యాటరీలు దర్జాగా ఆటోలో ఉన్నాయి. గంపెడు చేపలు ఎండలో అక్క నెత్తి మీద వస్తున్నాయి. మేం చేరేసరికి మార్కెట్టు పలచబడింది. అమ్ముడుపోని చేపలకు అక్క ఉప్పు రాసి ఎండబెట్టుకుంది.

ఆ వారంలోనే ఒక కాలేజీలో కరెంటు విమానాల మీద సభ పెట్టారు. సూటు వేసుకున్న ఒకాయన తెర మీద బొమ్మలు చూపించాడు. పొగ లేదట, చప్పుడు లేదట, జనం కాఫీ తాగుతూ మేఘాల్లో పోతున్నారు. నేను లేచి అడిగాను.

"మామూలు విమానంలో ఇంధనం కాలేకొద్దీ బరువు తగ్గుతుంది. చార్జి అయిపోయినా బ్యాటరీ బరువు తగ్గదు కదండీ? దిగడానికి చోటు లేక కాసేపు చక్కర్లు కొట్టాల్సొస్తే ఏం చేస్తారు?"

ఆయన నవ్వాడు. "మంచి బ్యాటరీలు వస్తాయండీ. అందాకా ప్రయాణికుల్ని కాస్త తగ్గించుకుంటాం."

చప్పట్లు కొట్టారు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం కాసేపు ఎగురుతుంది, అది నేనూ కాదనను. ఆ ఇద్దర్నీ చూపించి ఊరందర్నీ ఎక్కిస్తాననడం చూస్తేనే నాకు ఒళ్లు మండింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. ముందు అంతే బరువులో ఎన్నో రెట్లు చార్జి నిలిపే బ్యాటరీ పట్టుకురావయ్యా, తర్వాత రెక్కలు తగిలిద్దువు గాని!

ఆ సాయంత్రమే అక్క వాళ్ల పల్లెకు వెళ్లి, ఆ సూటాయన్ని వెక్కిరిస్తూ అదంతా అక్కకు చెప్పాను. "ప్రయాణికుల్ని తగ్గించుకుంటాడట అక్కా!"

అక్క చేప పొలుసు గీకుతోంది. చెయ్యి ఆపి నా వైపు చూసింది.

"తగ్గించీది ఎవుల్నిరా? దిగమన్నోడు గానీ, పక్కన కూకున్నోడు గానీ ఎప్పుడైనా దిగినాడేటి?"

పానా తీసుకుని ఆటో దగ్గరికెళ్లి, సీటు కింద నేను బిగించిన బ్యాటరీలు విప్పాను. సాయం వస్తానన్న బావను వద్దన్నాను. నాలుగూ నేనే ఎత్తి దింపాను. నడుం పట్టేసింది.